నుదుట నెలవంక ఉన్న పురుగు

గడ్డి దులపకుండా బర్రె ముందు వేయడం మా ఇంట్లో లేదు. అది మూసీ ఒడ్డు పొలం చెక్కల్లో పెరిగే గడ్డి. కోసుకొచ్చిన మోపులో బురద ఉంటుంది, జలగలుంటాయి, ఒక్కోసారి పగిలిన గాజుపెంకు కూడా ఉంటుంది. గాజుపెంకు మింగిన బర్రె ఎన్ని రోజులు తీసుకుని చస్తుందో నేను చూశాను. అందుకే ఎవరు నవ్వినా సరే, మోపు విప్పి, పిడికెడు పిడికెడు తీసి కొట్టం ముందున్న షాబాదు బండ మీద కొట్టి, ఆ తర్వాతే బర్రె ముందు పడేస్తాను. కిషన్‌బాగ్‌లో మాకు ఒకప్పుడు పదకొండు బర్రెలుండేవి. ఇప్పుడు రెండే. పదకొండింటికి ఎట్లా దులిపానో రెండింటికీ అట్లాగే దులుపుతున్నాను.

దులిపినప్పుడు బండ మీద చిన్న చిన్న పురుగులు రాలతాయి. వడ్లగింజలో సగం కూడా ఉండవు. పచ్చవి కొన్ని, మట్టిరంగువి కొన్ని. ముందు వెడల్పు, వెనక సన్నం. వేలు దగ్గరికి పోనిస్తే చాలు, టక్కున ఎగిరి ఎక్కడో పడతాయి. చదువుకున్నవాళ్లు వీటిని దీపపు పురుగులంటారట. మేం గడ్డిపురుగులంటాం. వీటితో బర్రెకు నష్టం లేదు, లాభం లేదు. లాభనష్టాలు లేనిదాని వంక నేను కన్నెత్తి చూసే మనిషిని కాదు. యాభై ఏళ్లు అవి నా కాళ్ల మీద పడుతూనే ఉన్నాయి, నేను చీపురుతో ఊడుస్తూనే ఉన్నాను.

ఒక వానాకాలం వాటిలో ఒకటి ఎగరలేదు. చీపురు పుల్లతో నెట్టాను. ఎండ్రికాయలాగా అడ్డంగా నాలుగడుగులు వేసి, గడ్డిపోచ వెనక్కి పోయి దాక్కుంది. పోచను తిప్పాను. అది మళ్లీ అడ్డంగా నడిచి అవతలి వైపుకు పోయింది. నాకు పంతం వచ్చింది. అద్దాలు తెచ్చి పెట్టుకుని చూశాను. ఒళ్లు పాత గడ్డి రంగు. నుదుటి మీద రెండు నల్ల చుక్కలు. ఆ రెండు చుక్కల నడుమ సన్నటి నల్ల గీత, కొనలు పైకి తిరిగి, రంజాను ముందర మా వీధివాళ్లు మిద్దెలెక్కి వెతుక్కునే నెలవంకలాగా.

మా మనుమరాలిని పిలిచాను. నా కొడుకు బిడ్డ. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివింది అదే, ఆ చదువు కూడా పురుగుల మీద. డాక్టరు చదువంటే సూదిమందు ఇచ్చే డాక్టరనుకుని బస్తీలో ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను కూడా. తర్వాత తెలిసింది, ఇది పురుగుల కాళ్లు లెక్కపెట్టే డాక్టరని.

"ఇగో, నీ చుట్టమొచ్చింది, చూస్కో," అన్నాను.

అది మోకాళ్ల మీద కూర్చుని, మెడలో వేలాడే చిన్న భూతద్దం కంటికి ఆనించుకుని చూసింది. చాలాసేపు లేవలేదు.

"నానమ్మా, దీన్నెట్ల గుర్తువట్టినవ్?"

"గుర్తువట్టుడేంది? కండ్లు లేవా నాకు? తక్కినవి గిట్ల లేవు గద."

"ఏం లేదు వాటికి?"

"నుదుట గా వంక లేదు. నడక గూడ చూడు, అడ్డం నడుస్తది."

"అన్నీ అడ్డమే నడుస్తయ్, నానమ్మా."

"నడిచి ఎగురుతయ్. గిది ఎగరది. సోమరిది, నీ లెక్క."

అది నవ్వలేదు. పురుగును మెల్లగా ఒక గాజు సీసాలోకి దింపి, మూత పెట్టి, చేత్తో గట్టిగా పట్టుకుని లోపలికి పోయింది.

నాకు చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా కొట్టంలోనే. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మా మామ నాకు మొదట నేర్పింది పాలు పిండడం కాదు, బర్రెను చెప్పడం. ఒక్కో బర్రె దగ్గర నిలబెట్టి, తర్వాత నన్ను వెనక్కి తిప్పి, "ఇప్పుడు చెప్పు," అనేవాడు. కొమ్ము ఎటు తిరిగింది, సుడి ఎక్కడుంది, తోక కుచ్చు తెలుపా నలుపా, ఏ చన్ను పొట్టి, ఏ గిట్ట చీలింది. చూడకుండా చెప్పాలి. తప్పు చెబితే మళ్లీ చూడమనేవాడు, అన్నం తర్వాత అనేవాడు. అప్పట్లో బర్రెలను మూసీలోకి తోలేవాళ్లం. ఒకసారి ఒకటి తప్పిపోయి హుస్సేనీ ఆలం వైపు బందెలదొడ్డిలో పడింది. అక్కడ నల్లబర్రెలు పది దాకా ఉన్నాయి. దొడ్డి మనిషి గేటు తీయకుండా, "నీదని ఏంది గుర్తు? చెప్పు," అన్నాడు. గేటు ఇవతల నిలబడి చెప్పాను. ఎడమ కొమ్ము కొన లోపలికి, కుడి కంటి కింద ఒక సుడి, మెడ కింద ఒకటి, వెనక కుడి చన్ను సగం. అతను లోపలికి పోయి చూసొచ్చి ఇంకో మాట లేకుండా వదిలాడు.

ఈ సంగతి మనుమరాలికి చెబితే, "మేం చేసేది గూడ గదే నానమ్మా. గేటు అవతలోనికి పురుగు కనవడది. మేం రాసింది చదివి గుర్తువట్టాలె," అంది. ఆ మాటతో దాని చదువంటే ఏమిటో నాకు మొదటిసారి అర్థమైంది.

నెల తిరగకుండానే అది పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది, ఆ పురుగు ఏ పుస్తకంలోనూ లేదని. దాని పని చూసే పెద్దాయన, గైడంటారు, ఆయన కూడా చూశాడట. దాని దగ్గరి చుట్టాలున్నాయి గానీ అది మాత్రం ఎవరూ రాసింది కాదట. రాసి, అచ్చువేసి, పేరు పెట్టాలట.

"అయితే పెట్టు, ఇంకేంది?"

"ఒక్క పురుగుతోని కాదు నానమ్మా. మగయి కావాలె. మగదాని కడుపు కొన తీసి, మందుల మరగవెట్టి, లోపలి భాగం ఎట్లుందో బొమ్మ గియ్యాలె. పై రంగులు మోసం చేస్తయ్. లోపల అచ్చు తప్పది."

మొదట దొరికినది మగదే. దాన్ని మందులో ఎక్కువసేపు మరిగించి మనుమరాలే పాడుచేసింది. పాలు పొయ్యి మీద పెట్టి ఫోను చూసే పిల్ల, పురుగును మాత్రం సరిగ్గా మరిగిస్తుందా అని నేను తిట్టాను. అది తలవంచుకుని విన్నది. గైడు గడువు పెట్టాడట. చలికాలం వచ్చేలోపు మగ పురుగులు, ఏ చోట దొరికాయో స్పష్టంగా రాసిన చీటీలతో సహా, తెచ్చి చూపాలి. అప్పుడే ఆ పురుగు దాని థీసిస్‌లో పెద్ద ముక్క అవుతుంది, పేరుతో సహా.

"ఏం పేరు వెడ్తవ్?"

"మన కిషన్‌బాగ్ పేరు."

"పురుగుకా?" అన్నాను, మూతి తిప్పి. కానీ మా బస్తీ పేరు కరెంటు బిల్లు మీద తప్ప వేరే అచ్చులో నేను చూడలేదు. ఎక్కడో దేశం కాని దేశంలో ఎవరో ఆ పుస్తకం తీసి, నోరు తిరగకపోయినా కిషన్‌బాగ్ అనాలి. ఆ రోజు పాలు పోయడానికి పోతూ ఇదే అనుకుంటూ నడిచాను. ఎవరితోనూ అనలేదు. మెచ్చుకోవడం నాకు చేతకాదు.

ఆ వానాకాలమంతా ప్రతి ఆదివారం అది తెల్లవారగానే వల భుజాన వేసుకుని మూసీ ఒడ్డుకు పోయేది. మాకు గడ్డి తెచ్చే భాయ్ కౌలుకు చేసే చెక్క అది. మా పెళ్లినాటి నుంచి ఆ ఇంటి గడ్డే మా బర్రెలు తిన్నాయి, మొదట అతని తండ్రి తెచ్చేవాడు. ఒకరోజు మోపు దించుతూ అన్నాడు:

"ఏందమ్మా, బేటీ గంత చదువు చదివి గడ్డికొచ్చింది?"

"గడ్డికి కాదు భాయ్, గడ్డిల పురుగులకు."

"పురుగులా! తీస్కపొమ్మను అమ్మా, మొత్తం తీస్కపొమ్మను. నా దుఆ ఉంటది."

పోల్చి చూడాలని అది ఇంకో మూడు చోట్ల కూడా పట్టింది. చాంద్రాయణగుట్ట దగ్గర ఫ్లైఓవర్ దాటాక ఒక ఖాళీ జాగా, ఒక చెరువు గట్టు, వాళ్ల కాలేజీ పొలం. నాలుగు చోట్లు, నాలుగు సీసాలు. ఒక్కో సీసాలో రెండు వేళ్ల మందం స్పిరిట్టు, అడుగున చిటికెడు పురుగులు, వాటితోపాటు మునిగి ఉన్న చిన్న కాగితం చీటీ.

ఒక శనివారం సాయంత్రం అది ఆ నాలుగు సీసాలనూ ఇంటికి తెచ్చింది. ఆదివారం ల్యాబుకు తాళమట, ఈసారి ఒడ్డుకు పోకుండా ఇంట్లో కూర్చుని వేరు చేసుకుంటానంది. కిటికీ పక్క గూట్లో పెట్టింది. మర్నాడు పొద్దున ఏదో పుస్తకం కోసం స్నేహితురాలింటికి పోయింది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. పాలు పోసి వచ్చాక క్యాన్లలో, చెంబుల్లో అడుగున కొంచెం కొంచెం మిగులుతుంది. వాటన్నిటినీ ఒక్క గిన్నెలోకి వంచాలి. ఖాళీ అయినవాటిని బూడిదతో తోమి, వేడినీళ్లతో కడిగి, బోర్లించాలి. నాలుగు గిన్నెల్లో కాసిన్ని కాసిన్ని పాలు పెట్టుకుని కూర్చుంటే నాలుగూ పులుస్తాయి, నాలుగు గిన్నెలూ మైలపడతాయి. మా అత్త నాకు నేర్పింది, నేను నా కోడలికి నేర్పాను. ఈ పని నేను కళ్లు మూసుకుని చేస్తాను. చేయమని ఎవరూ చెప్పక్కరలేదు, వద్దని చెప్పినా చెయ్యి ఆగదు.

ఆ ఆదివారం నేను గూడు దులుపుతున్నాను. నాలుగు సీసాలు కనబడ్డాయి. మూత వెడల్పున్న మంచి సీసాలు. నాలుగింటిలో ఉన్నదంతా కలిపితే ఒక్క సీసా నిండదు. సీసాలు చాలడం లేదని పోరి వారం కిందటే సణిగింది. నాకు గుర్తుంది. దానికి సాయం చేస్తున్నాననే అనుకున్నాను. మూడు సీసాల్లోవి నాలుగోదానిలోకి వంచాను. ఒక్క పురుగు కింద పడకుండా, పాల కొసరు వంచినంత జాగ్రత్తగా వంచాను. చీటీల మీద పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. ఇంగ్లీషు. రాసిన కాగితం పారేయడం నా అలవాటు కాదు. నాలుగూ తీసి, పేపరు మీద ఆరబెట్టి, పాత జరదా డబ్బాలో పెట్టాను. సీసాలు తోమి, ఎండలో స్టీలు తాంబాళంలో బోర్లించాను.

అది మధ్యాహ్నం వచ్చింది.

"నానమ్మా, నా సీసాలేవి?"

"కడిగిన. మూడు ఖాళీ అయినయ్, వాడుకో. సీసాల్లేవు సీసాల్లేవని లొల్లి వెడ్తివి గద."

"పురుగులు?"

"ఏడికి పోతయ్? అన్నీ ఉన్నయ్ ఒక్క సీసల. ఒక్కటి పారవోయలే."

"చీటీలు?"

"గవి గూడ ఉన్నయ్. ఆరవెట్టి డబ్బల పెట్టిన. నీ లెక్క నేను ఆగమాగం చేస్తనా?"

అది గడప మీద కూర్చుంది. డబ్బా తెరిచి చీటీలు చూసింది. సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. పురుగులన్నీ ఉన్నాయి. చీటీలన్నీ ఉన్నాయి. ఏ పురుగు ఏ చీటీదో, అదొక్కటే లేదు.

అరిస్తే బాగుండేది. అరవలేదు. అది అరవకపోయేసరికి నేనే అరిచాను. తప్పు చేసినప్పుడు నా గొంతు పెరుగుతుందని మా కోడలు అంటుంది. నిజమే.

"ఏమైందని గంత మొకం వెట్టినవ్? చారెడు లేవు, వీటికి నాలుగు సీసలు! పొద్దుమాపు బిందెడు పాలు పిండుతం, ఏ గిన్నెల ఏ బర్రెవని చీటీలు రాస్తమా?"

"పాలు తాగేటోళ్లకు ఏ బర్రెవో అక్కర్లేదు, నానమ్మా," అంది, నా వైపు చూడకుండా. "నాకు గదే కావాలె."

మా కోడలు వంటింట్లో గరిటె ఆపి వింటోంది. నేను చీపురు తీసుకుని, అప్పుడే ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడ్చాను.

ఆ చీటీలు తెలుగులో ఉంటే చదివేదాన్నా? మూడో తరగతి చదువు ఆ పాటి అక్షరాలకు సరిపోయేది. కానీ నన్ను నేను మభ్యపెట్టుకోను. చదువు లేక జరిగింది కాదు అది. అడిగితే తెలిసేది. ఈ ఇంట్లో నన్ను అందరూ అడుగుతారు, నేను ఎవరినీ అడగను. అదీ సంగతి.

మర్నాడు పాలు పోసి వచ్చి, ఆ సీసా ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు తెల్ల సాసర్లు, ఒక సూది, దాని పాత భూతద్దం. మామ ముందు నిలబడ్డ కోడలిలాగా ఒక్కో పురుగునూ చూశాను. పచ్చవి ఒక పక్క. రెక్క కొన పొగచూరినట్టున్నవి ఒక పక్క. నుదుట ఏమీ లేనివి ఒక పక్క. నెలవంక ఉన్నవి ఒక పక్క. ఎండ వాకిలి దాటి కొట్టం దాకా పోయింది. నెలవంక ఉన్నవి ఏడు తేలాయి. అది కాలేజీ నుంచి రాగానే సాసరు చేతికిచ్చాను.

"ఇగో. గివి మనయి. మన గడ్డియి."

అది అద్దం పెట్టి చూసింది. దాని ముఖంలో ఒక్క క్షణం ఏదో మారింది.

"మంచిగ ఏరినవ్ నానమ్మా. మూడు మగయి గూడ ఉన్నయ్."

"ఇంకేంది మరి? రాయి."

"నాలుగు చోట్లల్ల ఏ చోటియో చెప్పు."

"మనయే అంటున్న గద. మన బండ మీద నేను చూసిన."

"మనకాడ ఉన్నయని నువ్వు చూసినవ్. తక్కిన మూడు చోట్ల లేవని ఎవరు చూసిండ్రు? అది చూసేటందుకే ఇంటికి తెచ్చిన. సగం గూడ సూదితోని ముట్టలే ఇంకా."

అప్పుడు నేను అనకూడని మాట అన్నాను.

"రాసెయ్యరాదూ. కిషన్‌బాగ్ అని రాసెయ్. ఏడ పట్టినవో చూడొచ్చినోడెవడున్నడు? అవి నోరిప్పి చెప్తయా?"

అది నా ముఖంలోకి చూసింది. నిన్నటి నుంచి చూడనిది అప్పుడు చూసింది.

"నువ్వెప్పుడన్న పాలల్ల నీళ్లు వోసినవా నానమ్మా?"

పోయలేదు. పచ్చగడ్డి దొరకని ఎండాకాలాల్లో పోయలేదు, పాలు సగానికి పడిపోయి వాడుకవాళ్లు మొహం తిప్పుకున్నప్పుడు పోయలేదు. కలిపితే ఎవడు చూస్తాడు అన్న నా పెనిమిటితో పది రోజులు మాట్లాడలేదు. ఈ సంగతి ఆ పిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచి నేనే నూరిపోశాను. అన్నం పెట్టినప్పుడల్లా చెప్పాను. ఇప్పుడది నాకే వడ్డించింది. సాసరు అక్కడే పెట్టి, నీళ్లు తాగే నెపంతో లోపలికి పోయాను.

మళ్లీ పట్టాలి. వేరే దారి లేదు. ఆ వచ్చే ఆదివారం నేనూ దానితో మూసీ ఒడ్డుకు పోయాను. అటు పోయి ఎన్నేళ్లయిందో. వాసనకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఒకప్పుడు ఇందులోనే బర్రెలతోపాటు దిగి వాటి వీపులు రుద్దాను. అది వల ఊపుతుంటే నేను పక్క గట్టు మీద కూర్చుని, వలలో పడినవాటిని చూసి చెప్పాను. మధ్యాహ్నానికి నాలుగు దొరికాయి, నుదుట వంక మసకగా ఉన్నవి.

"ఆడయి," అంది అది, నీరసంగా.

"అయితేంది?"

"ఆడదాన్ని చూసి ఏ జాతిదో తేల్చరాదు. మగది ఉంటేనే పేరు."

"ఈడ గూడ గంతేనా?" అన్నాను.

అప్పుడు నవ్వింది. ఆ సీసాల తర్వాత అది నవ్వడం అదే మొదలు. నేను కూడా నవ్వాను గానీ, నా నవ్వు నాకే చేదుగా ఉంది.

ఆ తర్వాతి ఆదివారం మేం పోయేసరికి చెక్క లేదు. గడ్డి ఉన్న చోట ఎర్రమట్టి కుప్పలు. ఒక టిప్పరు మట్టి ఒంపి వెనక్కి పోతోంది. గడ్డి భాయ్ గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. చేతిలో కొడవలి ఉంది, కోయడానికి ఏమీ లేదు.

"అమ్మేసిండ్రమ్మా," అన్నాడు. "నిన్న పొద్దుగాల నుంచి టిప్పర్లు తిరుగుతున్నయ్. నాకు గూడ నిన్ననే చెప్పిండ్రు. ఇగ దూరం నుంచి తేవాలె గడ్డి."

మనుమరాలు వల పట్టుకుని అట్లాగే నిలబడింది. మట్టి కుప్పల అంచున పాదమంత మేర గడ్డి మిగిలి ఉంది. అక్కడ ఊపింది. పచ్చవి రెండు పడ్డాయి, ఎవరికైనా తెలిసినవి.

"పురుగులే గద బేటా," అన్నాడు భాయ్, దాని ముఖం చూసి. "ఏడనో ఓ కాడ ఉంటయ్. ఫికర్ చెయ్యకు."

"ఉంటే మంచిదే, చాచా," అంది.

ఒడ్డు పొడవునా తిరిగాం. ఉన్న చెక్కలన్నీ చూశాం. చలి మొదలయ్యేదాకా ప్రతి ఆదివారం పోయాం. మిగతా మూడు చోట్లకు అదొక్కతే పోయి మళ్లీ మళ్లీ పట్టింది. నెలవంక ఉన్నది ఎక్కడా పడలేదు. అంటే నేను చెప్పిందే నిజమని నేనన్నాను. "అయి ఉండొచ్చు," అంది అది. అంతకుమించి ఒక్క అక్షరం ఒప్పుకోలేదు. దొరకకపోవడం, లేకపోవడం ఒకటి కాదట. నేను పెంచిన పిల్లే. ఎవరిని తిట్టాలి?

గైడుకు చెప్పుకోవాల్సిన రోజు వచ్చింది. నేను దాన్ని గుమ్మంలో ఆపి, "నానమ్మ చేసిందని చెప్పు. దాచకు," అన్నాను. సాయంత్రం వచ్చాక ఏం చెప్పావని అడిగాను.

"సీసలు కలిసిపోయినయని చెప్పిన."

"ఎవరు కలిపిండ్రో చెప్పినవా?"

"అడగలే ఆయన."

కలిసిపోయినయ్. వాటంతటవే, సంతలో మనుషులు కలిసినట్టు. నన్ను కాపాడానని అనుకుంది కాబోలు. నా తప్పును తన చేతకానితనం కింద జమకట్టుకుని ఆ పిల్ల ఆయన ముందు తలవంచి నిలబడింది. చెప్పి ఉంటే నాకు ఇంత బరువుండేది కాదు.

చోటు ఖాయంగా తెలియని పురుగుకు పేరు పెట్టొద్దన్నాడట ఆయన. ఉన్నంతలో వర్ణన మాత్రం రాయమన్నాడట, థీసిస్ చివర, పేరు లేకుండా. అది రాసింది. ఆ పేజీలు ఇంటికి తెచ్చినప్పుడు, తెలుగులో చదివి చెప్పమన్నాను. వద్దంది. నేను వదల్లేదు. మెట్ల మీద కూర్చుని చదివింది.

పొడవు ఇంత. ఒళ్లు ఎండుగడ్డి రంగు. తల ముందుభాగం గుండ్రం, కళ్ల మధ్య వెడల్పు పొడవుకు రెండింతలు. నుదుట రెండు నల్ల చుక్కలు, వాటి నడుమ కొనలు పైకి తిరిగిన సన్నటి నల్ల వంక; ఆడవాటిలో మసక. మెడ పలకపై గుర్తులు లేవు. రెక్కలు లేత పసుపు, కొనలు పారదర్శకం. వెనక కాళ్లకు ముళ్ల వరసలు. ఆ తర్వాత మగదాని లోపలి భాగం గురించి చాలా ఉంది. అది కొంచెం తడబడుతూ, కొన్ని మాటలు దాటేస్తూ చదివింది. నేను కళ్లు మూసుకుని విన్నాను. బాగా రాసింది. మామ ఉంటే మళ్లీ చూసి రమ్మనేవాడు కాదు. గేటు అవతల ఎవరున్నా ఆ వర్ణన వింటే పదిలో ఒకదాన్ని పట్టుకుంటాడు.

"దొరికిన చోటు," అని చదివి ఆగింది.

"చదువు."

"దొరికిన చోటు: ఖాయంగా తెలియదు."

మా కొట్టం, మా బండ, ఎదురుగా అక్కడే ఉన్నాయి. దాని కాలి దగ్గర నుంచి నాలుగడుగులు. నేను పుల్లతో నెట్టిన చోటు ఇప్పుడు చూపమన్నా వేలు పెట్టి చూపిస్తాను. తెలియదట. ఆ మాట రాయించింది నేను. అది కాగితాలు మడిచి లోపలికి పోయింది. "మంచిగ రాసినవ్," అనాలని నోటిదాకా వచ్చింది. అది గడప దాటేదాకా ఆ మాట బయటికి రాలేదు.

ఇప్పుడది పత్తి మీది పురుగులు చూస్తోంది. వాటికి పేర్లు ఎవరో ఎప్పుడో పెట్టేశారు. పట్టా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు, మిఠాయి పంచాం. ఆ పురుగు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. సీసాలు దాని బీరువాలో ఉన్నాయి, తాళం వేసి. ఆ తాళం ఇంతకుముందు ఉండేది కాదు. చీటీల డబ్బా మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. తీసుకుపొమ్మంటే, "ఉండనీ," అంది.

భాయ్ ఇప్పుడు గడ్డి ఎక్కడి నుంచో తెస్తాడు. మోపు కట్టు వేరు, గడ్డి పోచ వేరు, కొంచెం గరుకు. బర్రెలు మొదట ముఖం తిప్పుకున్నాయి, తర్వాత అలవాటు పడ్డాయి. నేను బండ మీద పాత తెల్ల ధోవతి పరిచి దాని మీద దులుపుతున్నాను. అద్దాలు పెట్టుకుని చూస్తాను. పచ్చవి పడతాయి, మట్టిరంగువి పడతాయి. వేలు పెడితే టక్కున ఎగిరిపోతాయి. ఎగరనిది ఇంతవరకు ఒక్కటీ పడలేదు.

మొన్న సాయంత్రం పాలు పోసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. మా కోడలు కొసరు పాలన్నీ ఒక్క గిన్నెలోకి వంచుతోంది. నాకు తెలియకుండానే నా నోరు లేచింది.

"ఆగు! ఏ గిన్నెవి ఆ గిన్నెలనే ఉండనీ. అన్నీ గలిపి ఏం జేస్తవ్?"

వంచుతున్న చెంబు అట్లాగే గాల్లో పట్టుకుని, కోడలు నా వైపు చూసింది.

"మీరే గద అత్తమ్మా నేర్పింది," అంది.

లోపల మనుమరాలి గది తలుపు తెరిచే ఉంది. అది విన్నదో లేదో తెలియదు. కోడలు మిగిలిన పాలు కూడా వంచేసింది. ఖాళీ చెంబులు తీసుకుని నేను బూడిద దగ్గర కూర్చున్నాను.